గేటు లోపల నేరం జరిగితే...

సైనిక స్థావరంలో హత్య జరిగితే విచారించేది పోలీసులా, సైన్యమా? చాలా కేసుల్లో ఆ సంగతి తేల్చేది ఒకే ఒక్క అధికారి. నిందితుడైన జవానుకు దక్కే హక్కులు, బాధితులకు అందే న్యాయం ఆ నిర్ణయాన్ని బట్టే ఉంటాయి.

2023 ఏప్రిల్ 12. పంజాబ్‌లోని బఠిండా మిలిటరీ స్టేషన్. ఇంకా తెల్లవారలేదు. గదుల్లో నిద్రపోతున్న నలుగురు శతఘ్ని దళ జవాన్లను ఎవరో కాల్చి చంపారు. మొదట్లో వచ్చిన వాంగ్మూలం ప్రకారం దుండగులు ఇద్దరు. ముఖాలకు ముసుగులు, ఒంటి మీద కుర్తా పైజామాలు, ఒకడి చేతిలో రైఫిల్, ఇంకొకడి చేతిలో గొడ్డలి. అంత పెద్ద స్థావరంలోకి బయటివాళ్లు ఎలా చొరబడ్డారో ఎవరికీ అంతుపట్టలేదు. అయిదు రోజుల్లో పంజాబ్ పోలీసులు ముడి విప్పారు. ముసుగు మనుషుల కథ చెప్పిన జవానునే నిందితుడిగా అరెస్టు చేశారు. హత్యలకు వాడిన ఇన్సాస్ రైఫిల్ కొద్దిరోజుల ముందు అదే యూనిట్ నుంచి మాయమైనదే.

ఎఫ్‌ఐఆర్ రాసింది పోలీసులు. అరెస్టు చేసింది పోలీసులు. కానీ కేసు బఠిండా సెషన్స్ కోర్టులో నడవలేదు. సైన్యం నిందితుణ్ని తన అధీనంలోకి తీసుకుని, సైనిక న్యాయస్థానమైన జనరల్ కోర్ట్ మార్షల్ ముందు నిలబెట్టింది. 2025లో ఆ కోర్టు యావజ్జీవ కారాగార శిక్ష వేసింది.

ఇలాంటిదే ఇంకో కేసు సిక్కింలో జరిగింది. 2014లో ఒక జవాను తన యూనిట్‌లోనే పనిచేసే రైఫిల్‌మన్‌ను కాల్చి చంపాడన్నది అభియోగం. యూనిట్ వాళ్లే పోలీసులకు ఫిర్యాదు చేసి నిందితుణ్ని అప్పగించారు. పోలీసులు ఛార్జిషీటు వేశారు. తీరా కేసు బల్ల మీదికి వచ్చాక, దీన్ని తాను విచారించకూడదని, కోర్ట్ మార్షల్ జరగాలని సెషన్స్ జడ్జి అన్నారు. సిక్కిం హైకోర్టూ ఆ మాటే అంది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. సైనిక చట్టం 125వ సెక్షన్ ప్రకారం కేసు కావాలో వద్దో చెప్పాల్సింది అందుకు నియమితుడైన సైనికాధికారి. ఆయన కావాలనలేదు కాబట్టి సెషన్స్ కోర్టే విచారించాలని తేల్చింది.

రెండూ తోటి సైనికుల హత్యలే. ఒకటి నల్లకోట్ల ముందుకు వెళ్లింది, ఇంకొకటి ఆలివ్‌గ్రీన్ యూనిఫాంల ముందుకు వెళ్లింది. తేడా నేరంలో లేదు. కేసును తన దగ్గర ఉంచుకోవాలా, పంపేయాలా అని సైన్యం తీసుకున్న నిర్ణయంలో ఉంది.

హతుడు ఎవరు?

సైనిక స్థావరం అంటే దేశ చట్టం చెల్లని చోటు అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌నే తీసుకోండి. అక్కడ లక్షల మంది మామూలు జనం ఉంటారు. బోయిన్‌పల్లిలోనో కార్ఖానాలోనో దొంగతనం జరిగితే వచ్చేది రాష్ట్ర పోలీసులే. ఆర్డ్‌నెన్స్ డిపోలో పనిచేసే సివిలియన్ గుమస్తా, మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ (ఎంఈఎస్)లో ఎలక్ట్రీషియన్ స్థావరం లోపల ఉద్యోగం చేస్తున్నా మామూలు రోజుల్లో సైనిక చట్టం కిందికి రారు. వాళ్ల కేసులు మామూలు కోర్టులవే. సైనిక చట్టం స్థలాన్ని పట్టుకుని ఉండదు, మనిషిని పట్టుకుని ఉంటుంది. జవాను సెలవు మీద శ్రీకాకుళంలోని సొంతూళ్లో ఉన్నా ఆ చట్టం అతని వెంటే ఉంటుంది.

1950 నాటి సైనిక చట్టంలో 69వ సెక్షన్ ఒక పెద్ద తలుపు. దేశంలోని ఏ సాధారణ చట్టం కింద నేరమైనా సరే, అది చేసిన సైనికుణ్ని కోర్ట్ మార్షల్ విచారించవచ్చునని అది చెబుతుంది. ఆ తలుపుకు 70వ సెక్షన్ గడియ పెట్టింది. సైనిక చట్టాల కిందికి రాని వ్యక్తిని హత్య చేసినా, హత్యగా లెక్కకురాని నరహత్య చేసినా, అత్యాచారం చేసినా ఆ కేసు కోర్ట్ మార్షల్‌కు వెళ్లదు. క్రిమినల్ కోర్టుకే వెళ్లాలి. మినహాయింపులు మూడు: నేరం జరిగినప్పుడు సైనికుడు 'యాక్టివ్ సర్వీస్'లో (యుద్ధంలో లేదా ప్రభుత్వం అలా ప్రకటించిన విధుల్లో) ఉండటం, నేరం దేశం బయట జరగటం, లేదా కేంద్రం నోటిఫై చేసిన సరిహద్దు పోస్టులో జరగటం.

ఈ లెక్కన హతుడు సైనికుడా, సివిలియనా అన్నదే మొదటి ప్రశ్న. దేశమంతా చెప్పుకున్న నానావతి కేసును చూడండి. 1959లో బొంబాయిలో నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతి తన భార్య ప్రేమికుడు ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపాడు. తిన్నగా నౌకాదళ ప్రొవోస్ట్ మార్షల్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆయన పోలీసుల దగ్గరికి వెళ్లమన్నాడు. హతుడు సివిలియన్ కాబట్టి కేసు సెషన్స్ కోర్టులో జ్యూరీ ముందు నడిచింది. నౌకాదళం మాత్రం తన అధికారిని వదలలేదు. విచారణ సాగినన్నాళ్లూ ఆయన నౌకాదళ కస్టడీలోనే ఉన్నాడు. హైకోర్టు యావజ్జీవం వేశాక కూడా జైలుకు వెళ్లకుండా గవర్నర్ శిక్షను నిలిపివేశారు. అప్పీలు నడుస్తుండగా అలా నిలిపే అధికారం గవర్నర్‌కు లేదని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

2014 అక్టోబరులో హైదరాబాద్ మెహిదీపట్నం గ్యారిసన్‌లో పక్క బస్తీకి చెందిన 11 ఏళ్ల బాలుడు తీవ్రంగా కాలిపోయి ప్రాణాలు వదిలాడు. సైనికులే నిప్పంటించారన్న ఆరోపణ వచ్చింది. ఘటన జరిగింది గ్యారిసన్ గోడ లోపల. అయినా దర్యాప్తుకు దిగింది నగర పోలీసుల ప్రత్యేక బృందం. చనిపోయింది సివిలియన్ పిల్లవాడు కాబట్టి కోర్ట్ మార్షల్ ప్రసక్తే లేదు.

సైనిక క్వార్టర్లలో ఉండే జవాను భార్యకూ, పిల్లలకూ ఇదే సూత్రం. వాళ్లు సైనిక చట్టం కిందికి రారు. ఫ్యామిలీ క్వార్టర్‌లో భార్యను కొట్టినా, కట్నం కోసం వేధించినా ఆమె నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లవచ్చు. కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) అనుమతి తీసుకోనక్కర్లేదు. 'ముందు యూనిట్‌లో మాట్లాడుకుందాం' అని ఎవరైనా నచ్చజెబితే అది సలహా మాత్రమే, చట్టం కాదు.

ఎటు పంపాలో తేల్చేదెవరు?

సివిలియన్ హత్య, అత్యాచారం లాంటివి పక్కన పెడితే మిగతా చాలా నేరాలు రెండు కోర్టుల పరిధిలోకీ వస్తాయి. దొంగతనం, దాడి, మోసం, తోటి సైనికుడి హత్య, గూఢచర్యం అన్నీ. ఇక్కడ 125వ సెక్షన్ ముందుకు వస్తుంది. సైనికుడు నిందితుడైతే మేజిస్ట్రేటు ముందుగా కమాండింగ్ ఆఫీసర్‌కు నోటీసు పంపాలి, గడువిచ్చి ఆగాలి. 1978లో చేసిన పరిధుల సర్దుబాటు నిబంధనలు చెప్పేది ఇదే. కేసు మాదే అని సైన్యం అంటే నిందితుణ్ని అప్పగించాలి. క్రిమినల్ కోర్టు ఒప్పుకోకపోతే 126వ సెక్షన్ ఉంది. తగువు కేంద్ర ప్రభుత్వం దగ్గరికి వెళ్తుంది, దాని మాటే చివరిది.

విశాఖ గూఢచర్యం కేసులో దారి మామూలు కోర్టు వైపు తిరిగింది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు కేంద్ర సంస్థలతో కలిసి 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో గుట్టు రట్టు చేశారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో వల వేసిన వాళ్లకు నౌకల కదలికల సమాచారం చేరవేశారని ఏడుగురు నౌకాదళ సిబ్బందిని పట్టుకున్నారు. రహస్యాలన్నీ నౌకాదళానివే. అయినా కేసు జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చేతికి వెళ్లి ప్రత్యేక కోర్టు దారి పట్టింది. హవాలా సొమ్ము, దేశం బయటి వ్యక్తులు, సివిలియన్ మధ్యవర్తులు కలిసిన కేసుకు ఆ దారే సరైనది. కోర్ట్ మార్షల్ చేయి సివిలియన్ దాకా సాగదు.

2021 సెప్టెంబరులో కోయంబత్తూరు వైమానిక దళ కళాశాలలో జరిగింది దీనికి తలకిందులు. శిక్షణకు వచ్చిన ఒక మహిళా అధికారి, తోటి అధికారి తనపై అత్యాచారం చేశాడని ఫిర్యాదు చేశారు. లోపల తనకు న్యాయం జరగడం లేదని పోలీసుల దగ్గరికి వెళ్లారు. తమిళనాడు పోలీసులు నిందితుణ్ని అరెస్టు చేశారు. తనకు నిషిద్ధమైన 'రెండు వేళ్ల' పరీక్ష చేశారని కూడా ఆమె ఆరోపించారు. అలాంటి పరీక్ష జరగలేదని వైమానిక దళాధిపతి ప్రకటించారు. అరెస్టయిన కొద్దిరోజులకే కోయంబత్తూరు కోర్టు నిందితుణ్ని వైమానిక దళానికి అప్పగించింది. బాధితురాలు కూడా వైమానిక దళ చట్టం కిందికే వస్తారు. హత్య, అత్యాచారం కేసులకు ఉన్న గడియ ఆమె విషయంలో పనిచేయలేదు. అదే ఆమె ఆ క్యాంపస్‌లో పనిచేసే సివిలియన్ టీచరై ఉంటే కేసు కచ్చితంగా మామూలు కోర్టుకే వెళ్లేది. యూనిఫాం వేసుకున్న ఆడపిల్లకు, వేసుకోని ఆడపిల్లకు ఒకే నేరంలో రెండు దారులు ఎందుకన్న ప్రశ్నకు చట్టం ఇంతవరకు జవాబు చెప్పలేదు.

కేసు లోపలికి వెళ్లిన ప్రతిసారీ అన్యాయమే జరుగుతుందని అనలేం. బఠిండా కేసులో కోర్ట్ మార్షల్ కఠిన శిక్షే వేసింది. కానీ పత్రిబల్ ఉదంతం మరచిపోలేం. 2000 మార్చిలో కశ్మీర్‌లోని పత్రిబల్‌లో అయిదుగురిని ఉగ్రవాదులని చెప్పి సైనికులు కాల్చి చంపారు. చనిపోయింది మామూలు పౌరులని తేల్చిన సీబీఐ 2006లో సైనికాధికారులపై ఛార్జిషీటు వేసింది. 2012 మేలో సుప్రీంకోర్టు ఎటు వెళ్లాలో తేల్చుకోమని సైన్యానికే వదిలింది. హతులు పౌరులే అయినా 'యాక్టివ్ సర్వీస్' మినహాయింపు ఉండటంతో సైన్యం కోర్ట్ మార్షల్ దారి ఎంచుకుంది. 2014 జనవరిలో సాక్ష్యాలు చాలవంటూ విచారణ మొదలుకాకుండానే మూసేసింది. సీబీఐ ఛార్జిషీటు వేసిన కేసు ఏ కోర్టులోనూ ఒక్క రోజూ విచారణకు నోచుకోలేదు. ఎంచుకునే హక్కుతో పాటు ఆపేసే హక్కు కూడా అదే చేతిలో ఉంటే ఇలాగే జరుగుతుంది.

బల్లకు అవతల ఎవరు?

సైనికుడికి ప్రాథమిక హక్కులు లేవని వాడుకలో అంటుంటారు. రాజ్యాంగం 33వ అధికరణం అలా చెప్పదు. సైన్యం తన పని సరిగా చేయడానికీ, క్రమశిక్షణ నిలవడానికీ ఎంత అవసరమో అంతవరకు హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. యూనియన్ పెట్టుకోకూడదు, అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కకూడదు. నిష్పాక్షిక విచారణ కోరే హక్కును మాత్రం ఏ చట్టమూ పూర్తిగా తీసేయలేదు.

కోర్ట్ మార్షల్స్ నాలుగు రకాలు. జనరల్ కోర్ట్ మార్షల్‌లో కనీసం అయిదుగురు అధికారులు కూర్చుంటారు. మరణశిక్ష దాకా వేయవచ్చు. దానికి మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్‌లో కనీసం ముగ్గురు. యుద్ధ పరిస్థితుల కోసం సమ్మరీ జనరల్ కోర్ట్ మార్షల్. నాలుగోది సమ్మరీ కోర్ట్ మార్షల్.

మొదటి మూడింటిలో తీర్పు వచ్చినంత మాత్రాన అమలు కాదు. పై అధికారి ధ్రువీకరించాలి. ఈ ధ్రువీకరణ ఎంత బలమైనదో చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై కోర్ట్ మార్షల్ జరిగింది. భూలాభాయ్ దేశాయి వాదించారు. ఎన్నో ఏళ్ల తర్వాత నెహ్రూ మళ్లీ నల్లగౌను తొడిగారు. రాజుపై యుద్ధం చేశారన్న నేరానికి కోర్టు యావజ్జీవ ప్రవాస శిక్ష వేసింది. దేశమంతా భగ్గుమంది. ధ్రువీకరించాల్సిన సర్వసేనాని ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దు చేశాడు. ఒక్క సంతకంతో ముగ్గురూ బయటికి వచ్చారు. అప్పుడు ఆ సంతకం జనం కోరుకున్న వైపు పడింది. ప్రతిసారీ అలా పడుతుందని హామీ లేదు.

సీఓయే జడ్జి

జవానుకు ఎక్కువగా ఎదురయ్యేది సమ్మరీ కోర్ట్ మార్షల్. అధికారులనూ, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లనూ (జేసీఓలు) దీని ముందు నిలబెట్టరు. నాయక్‌లూ, సిపాయిలూ, హవల్దార్లే ఇక్కడికి వచ్చేది. కోర్టు అంటే ఒక్క కమాండింగ్ ఆఫీసరే. పక్కన ఇద్దరు కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు లేదు. సీఓ లెఫ్టినెంట్ కల్నల్ లేదా ఆ పై హోదా వ్యక్తి అయితే ఏడాది దాకా జైలు శిక్ష, దాంతో పాటు ఉద్యోగం నుంచి డిస్మిస్ చేయవచ్చు. ధ్రువీకరణ అక్కర్లేదు, వెంటనే అమలు. ఉదయం మొదలైన విచారణ మధ్యాహ్నానికల్లా ముగిసి, 12 ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి పింఛను లేకుండా బ్యాగు సర్దుకుని రైలెక్కవచ్చు. ప్రపంచంలో ఎన్నో సైన్యాలు పక్కన పెట్టేసిన పద్ధతి ఇది. మన సైనిక చట్టంలో ఇంకా ఉంది. నౌకాదళ, వైమానిక దళ చట్టాల్లో ఇలాంటిది లేదు.

ఆ పద్ధతి ఎంతవరకు వెళ్లగలదో చెప్పేది రంజిత్ ఠాకూర్ కేసు. ఆయన ఒక సిగ్నల్‌మన్. సీఓ తనను సతాయిస్తున్నాడని ఆ సీఓను దాటి పై అధికారులకు అర్జీ పంపాడు. అందుకు 28 రోజుల కఠిన శిక్ష పడింది. శిక్ష అనుభవిస్తుండగా 1985 మేలో అన్నం తినమని ఆజ్ఞాపిస్తే తినలేదన్నది కొత్త నేరం. మర్నాడే సమ్మరీ కోర్ట్ మార్షల్. తీర్పు చెప్పే చోట కూర్చున్నది, అతను ఎవరి మీద అర్జీ పెట్టాడో ఆ అధికారే. ఏడాది కఠిన కారాగారం, ఉద్యోగం నుంచి తొలగింపు. 1987లో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. తీర్పరి మీద అభ్యంతరం చెప్పే హక్కు సైనికుడికి 130వ సెక్షన్ ఇచ్చిందని, అది అడగకపోవడం విచారణ మొత్తాన్నే చెల్లకుండా చేస్తుందని చెప్పింది. నేరానికీ శిక్షకూ పొంతన ఉండాలని కూడా చెప్పింది. తర్వాత శిక్ష తీవ్రత మీద మన కోర్టులు ఇచ్చిన ఎన్నో తీర్పులు ఈ కేసును ఆధారం చేసుకున్నవే.

కోర్ట్ మార్షల్ దాకా వెళ్లకుండానే ఉద్యోగం ఊడే దారి ఇంకొకటి ఉంది. జవాన్లు దాన్ని 'రెడ్ ఇంక్ ఎంట్రీ' అంటారు. సెలవు గడువు దాటి రావడం, తాగి గొడవ చేయడం లాంటి వాటికి 80వ సెక్షన్ కింద సీఓ 28 రోజుల దాకా శిక్ష వేయవచ్చు. ఆ శిక్షల్లో కొన్ని సర్వీసు రికార్డులో ఎర్రసిరాతో ఎక్కుతాయి. నాలుగు పడితే ఇంటికే అన్నది ఏళ్లుగా బ్యారక్‌లలో నడిచిన మాట. 2015లో వీరేంద్ర కుమార్ దూబే కేసులో సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది. నాలుగు ఎర్ర గీతలు ఉన్నాయి కదా అని యాంత్రికంగా పంపేయకూడదని, ముందు విచారణ జరగాలని, చేసిన తప్పు ఎంతటిది, సర్వీసు ఎంత, కష్టమైన చోట్ల ఎన్నేళ్లు చేశాడు, పింఛనుకు ఎంత దగ్గరలో ఉన్నాడు అన్నవన్నీ చూడాలని చెప్పింది.

అప్పీలు కోసం అరవై ఏళ్లు

సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టు ఉంది, ఆ పైన సుప్రీంకోర్టు ఉంది. కోర్ట్ మార్షల్ శిక్ష వేస్తే? రాజ్యాంగంలోని 136, 227 అధికరణాలు సైనిక న్యాయస్థానాలను తమ పరిధి నుంచి మినహాయించాయి. మిగిలింది రిట్ పిటిషన్. అందులో సాక్ష్యాలను మళ్లీ తూకం వేయరు. 1982లో పృథీపాల్ సింగ్ బేడీ కేసులో సుప్రీంకోర్టు సైన్యం నిబంధనలను సమర్థిస్తూనే, సాక్ష్యాన్ని పరిశీలించే ఒక్క అప్పీలు కూడా సైనికుడికి లేకపోవడం పెద్ద లోపమని ఎత్తిచూపింది. 1999లో లా కమిషన్ తన 169వ నివేదికలో సైనిక అప్పీళ్ల ట్రైబ్యునల్ పెట్టమంది. 2007లో చట్టం వచ్చింది. 2009 ఆగస్టులో సాయుధ దళాల ట్రైబ్యునల్ పని మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన అరవై రెండేళ్లకు సైనికుడికి అప్పీలు దొరికింది.

తెలుగు రాష్ట్రాల జవాను వెళ్లాల్సింది చెన్నై బెంచికి. కోర్ట్ మార్షల్ తీర్పులపై అప్పీళ్లూ, పింఛను, వైకల్య పింఛను, పదోన్నతుల తగాదాలూ అక్కడే. బదిలీలు, సెలవులు ఆ ట్రైబ్యునల్ పరిధిలోకి రావు. సమ్మరీ కోర్ట్ మార్షల్ విషయంలోనూ హద్దు ఉంది. డిస్మిస్ చేసినా, 3 నెలలకు మించి జైలు శిక్ష వేసినా మాత్రమే అది వింటుంది.

ట్రైబ్యునల్ తీర్పు మీద ఎక్కడికి వెళ్లాలన్నది ఇంకో చిక్కుముడి. సుప్రీంకోర్టుకు వెళ్లాలంటే ప్రజలందరికీ ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉండాలి. 2015లో ఒక తీర్పు హైకోర్టు తలుపును దాదాపు మూసేసింది. కావలి నుంచో, కరీంనగర్ నుంచో ఒక రిటైర్డ్ నాయక్ రెండు వేల రూపాయల పింఛను తేడా కోసం ఢిల్లీకి వెళ్లగలడా? 2023 మార్చిలో పరషోత్తం దాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు మళ్లీ తెరిచింది. హైకోర్టుల రిట్ అధికారాన్ని ట్రైబ్యునల్ చట్టం తీసేయలేదని చెప్పింది.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. ట్రైబ్యునల్ ముందు ప్రతివాది రక్షణ శాఖ. ట్రైబ్యునల్‌కు భవనాలూ, సిబ్బందీ, బడ్జెట్టూ ఇచ్చేదీ రక్షణ శాఖే.

జవానుకూ, ఇంటివాళ్లకూ తెలియాల్సినవి

పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికొకరు సైన్యంలో పనిచేసిన వాళ్లే. అక్కడైతే ఏం చేయాలో చెప్పే పెద్దలు ఉంటారు. ఊరికొక్కడే జవాను ఉన్న చోట కస్టడీ అనే మాట వినగానే ఇంటివాళ్లకు కాళ్లూచేతులూ ఆడవు. సైనిక చట్టంలోనూ, 1954 నాటి సైనిక నిబంధనల్లోనూ ఉన్నవే ఇవి:

• 48 గంటలు: సైనిక కస్టడీలోకి తీసుకున్న మనిషిపై ఆరోపణను 48 గంటల్లోగా విచారణకు తీసుకోవాలి. వీలుకాని కారణం ఉంటే తప్ప ఆలస్యం చేయకూడదు. కోర్ట్ మార్షల్‌కు ఆదేశం వెలువడకుండా 8 రోజులు దాటితే, ఎందుకు ఆలస్యమో సీఓ పై అధికారులకు నివేదించాలి.

• కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ: ఇది జరిగిందేమిటో తేల్చే తొలి విచారణ. మీ ప్రతిష్ఠకు భంగం కలిగించే విషయం వస్తుంటే విచారణలో మొదటి నుంచీ కూర్చునే హక్కు, సాక్షుల్ని ప్రశ్నించే హక్కు, మీ సాక్షుల్ని పిలిపించే హక్కు 180వ నిబంధన ఇస్తుంది. అక్కడ మీరు చెప్పిన మాటను తర్వాత కోర్ట్ మార్షల్‌లో మీకే వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడకూడదు.

• సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్: కోర్ట్ మార్షల్‌కు ముందు సాక్ష్యాలను రాసుకునే ఈ దశే అసలు పునాది. సాక్షుల్ని ఇక్కడ ప్రశ్నించవచ్చు. మీరు వాంగ్మూలం ఇవ్వాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. తోచక ఒప్పుకుని సంతకం పెట్టిన కాగితమే తర్వాత మెడకు చుట్టుకుంటుంది.

• నేరం ఒప్పుకోవడం: 'గిల్టీ' అంటే ఏమవుతుందో కోర్టు విడమరచి చెప్పాలి. ఒప్పుకుంటే తక్కువతో పోతుందని ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద ఉండదని గుర్తుంచుకోండి.

• లాయరు: జనరల్, డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్స్‌లో సొంత ఖర్చుతో లాయరును పెట్టుకోవచ్చు. లేకపోతే డిఫెండింగ్ ఆఫీసర్‌ను ఇస్తారు. సిద్ధం కావడానికి మామూలు పరిస్థితుల్లో 96 గంటల గడువు ఉండాలి. సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో తోడుగా ఒకరిని పెట్టుకోవచ్చు. ఆయన పక్కన ఉండి సలహా ఇస్తాడు, వాదించడు.

• కాలపరిమితి: నేరం జరిగినట్టూ, నిందితుడు ఎవరో కూడా తెలిసిన 3 ఏళ్లలోగా కోర్ట్ మార్షల్ మొదలు కావాలి. పారిపోవడం, తిరుగుబాటు, మోసంతో సైన్యంలో చేరడం వంటి నేరాలకు ఈ హద్దు లేదు. ఒకసారి తీర్పు వచ్చాక అదే నేరానికి రెండోసారి కోర్ట్ మార్షల్ చేయకూడదు.

• సివిల్ తగాదాలు: ఊళ్లో పొలం కేసు ఉంటే, సెలవులో వచ్చిన సైనికుడి కేసును ముందుగా వినాలని చట్టం చెబుతుంది. దానికి యూనిట్ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అప్పు తీర్చలేదని సైనికుణ్ని అరెస్టు చేయకూడదు. డిక్రీ కింద జీతాన్ని జప్తు చేయకూడదు.

• భార్యాపిల్లల పోషణ: భర్త డబ్బు పంపడం లేదంటే ఆమె సైనికాధికారులకు రాయవచ్చు. పోషణ కోసం జీతం నుంచి కొంత కోసి పంపే ఏర్పాటు సైనిక చట్టంలోనే ఉంది.

ఇతర దేశాలు ఏం చేశాయి?

అమెరికాలో 2020 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ స్థావరంలో వనెస్సా గియెన్ అనే యువ సైనికురాలిని తోటి సైనికుడే హతమార్చాడు. అంతకుముందే తాను లైంగిక వేధింపులకు గురవుతున్నట్టు ఆమె ఇంట్లో చెప్పుకుంది. ఆమె శవం దొరకడానికి రెండు నెలలకు పైగా పట్టింది. దేశమంతా మండిపడింది. స్థావరంలో నేరాలను పట్టించుకోని వాతావరణం ఉందని స్వతంత్ర కమిటీ తేల్చింది. 14 మంది అధికారులు, సార్జెంట్లపై వేటు పడింది. 2021 చివర్లో వచ్చిన చట్టం, అత్యాచారం, హత్య వంటి తీవ్ర నేరాల్లో ప్రాసిక్యూట్ చేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని కమాండర్ చేతి నుంచి తీసి ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు ఇచ్చింది. 2023 డిసెంబరు నుంచి అది అమల్లో ఉంది.

బ్రిటన్ అంతకు ముందే మారింది. విచారణ ఏర్పాటు చేసే అధికారే సభ్యులను ఎంపిక చేసి, తీర్పును ధ్రువీకరించడం నిష్పాక్షికం కాదని 1997లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఫిండ్లే కేసులో చెప్పింది. ఇప్పుడు అక్కడ సైనిక ప్రాసిక్యూషన్ ఒక ప్రత్యేక సంస్థ, కోర్ట్ మార్షల్‌కు అధ్యక్షత వహించేది సివిలియన్ న్యాయమూర్తి. మన సైనిక చట్టానికి మూలం బ్రిటిష్ చట్టమే. తయారుచేసిన వాళ్లు వదిలేసినదాన్ని మనం ఇంకా మోస్తున్నాం.

మన దగ్గర మార్పు అస్సలు లేదనీ కాదు. 2023లో పార్లమెంటు త్రివిధ దళాల ఉమ్మడి సంస్థల చట్టం చేసింది. ఆ సంస్థల్లో నౌకాదళ అధికారి కింద పనిచేసే ఆర్మీ జవానుపై క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం ఇప్పుడు ఆ కమాండర్‌కే ఉంది. మూడు దళాలూ ఒకే కమాండర్ కింద పనిచేసే థియేటర్ కమాండ్‌లకు ఇది అవసరమే. అయితే అది కమాండర్ చేతిని ఇంకాస్త పొడవు చేసింది. ఆ చేతిపై ఎవరు నిఘా పెట్టాలన్న ప్రశ్న జోలికి వెళ్లలేదు.

కమాండర్‌కు క్రమశిక్షణ అధికారం ఉండాలి, దానిపై ఎవరికీ తగువు లేదు. పరేడ్‌కు రాని జవానును శిక్షించడానికి, సెలవు దాటి వచ్చినవాణ్ని మందలించడానికి సెషన్స్ కోర్టు అక్కర్లేదు. సరిహద్దులో ఎదురు తిరిగిన సైనికుణ్ని నెలల తరబడి వాయిదాల మీద తిప్పలేం. కానీ హత్య, అత్యాచారం, కస్టడీలో హింస ఆ జాబితాలోవి కావు. అవి యూనిట్ పేరు ప్రతిష్ఠలతో ముడిపడి ఉంటాయి. ఆ ప్రతిష్ఠను కాపాడాల్సిన మనిషికే ఆ కేసు ఎటు వెళ్లాలో తేల్చే పని అప్పగించడం ఆయనకూ మంచిది కాదు. నిందితుడైన జవానుకు మరీ మంచిది కాదు. సైన్యంలోని న్యాయ విభాగం జాగ్ బ్రాంచి అధికారులు కూడా అదే అధికార శ్రేణిలో ఉన్నవాళ్లే.

అడగాల్సినవి మూడే. ఒకటి, ఈ తీవ్ర నేరాల్లో ఏ కోర్టుకు వెళ్లాలో తేల్చే అధికారం కమాండ్‌తో సంబంధం లేని న్యాయాధికారికి ఇవ్వాలి. రెండు, బాధితులు యూనిఫాంలో ఉన్నా లేకున్నా అత్యాచారం కేసులో దారి ఒకటే కావాలి. మూడు, సాటి దళాల్లో లేని సమ్మరీ కోర్ట్ మార్షల్‌ను శాంతి కాలంలో ఆర్మీ కూడా వదులుకోవాలి. థియేటర్ కమాండ్‌ల కోసం మూడు దళాల చట్టాలను ఎలాగూ మళ్లీ తిరగేయాల్సిందే. ఆ పని చేసేటప్పుడే ఈ మూడూ చేర్చవచ్చు.

సైనికుడికి హక్కులు పెంచితే క్రమశిక్షణ సడలుతుందన్న భయం కొత్తది కాదు. కానీ తీర్పరిపై అభ్యంతరం చెప్పే హక్కును సుప్రీంకోర్టు నిలబెట్టి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. అప్పీలు హక్కు వచ్చి పదిహేనేళ్లు దాటింది. సైన్యం అప్పుడెంత కట్టుబాటుతో ఉందో ఇప్పుడూ అంతే కట్టుబాటుతో ఉంది. తనకు అన్యాయం జరిగితే వినేవాళ్లున్నారని తెలిసిన జవాను ఆజ్ఞను ధిక్కరించడు, నిశ్చింతగా పాటిస్తాడు.